ఆటగాడు ఏ విశ్వవిద్యాలయం ఖాతాలో?

కాజీపేట నుంచి నాగపూర్ వైపు పోయే రైలు బల్లార్‌షా, చంద్రపూర్ దాటాక వరోరా మీదుగా వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో పంజాబ్‌కో ఆటలకు బయల్దేరిన తెలుగు కాలేజీ జట్లు దశాబ్దాలుగా ఈ స్టేషన్ బోర్డును కిటికీలోంచి చూస్తూనే ఉన్నాయి. బొగ్గు పుణ్యమా అని వచ్చిన రైలు ఇది. వరోరా గనిలో తవ్వకం 1871లో మొదలైంది. వార్ధా నుంచి ఇక్కడిదాకా పట్టాలు పరిచింది ఆ బొగ్గు మోయడానికే. 1906లో గని మూతపడింది, రైలు మాత్రం మిగిలింది.

ఊరి పక్కనే ఆనంద్‌వన్ ఉంది. బాబా ఆమ్టే 1949లో కుష్ఠు రోగుల కోసం మహారోగి సేవా సమితిని స్థాపించి, రాళ్లూ తుప్పలూ నిండిన నేలను వాళ్ల చేతులతోనే తోటగా మార్చారు. 1964లో అక్కడే ఆనంద్ నికేతన్ కాలేజీ వెలిసింది. ఊరు దూరం పెట్టిన మనుషులు ఊరి పిల్లల కోసం కాలేజీ కట్టడం నాకు తెలిసిన విద్యా సంస్థల చరిత్రల్లో ఎక్కడా చూడలేదు. ఆ ముచ్చట విడిగా ఎప్పుడైనా రాయాలి. ఇప్పటి లెక్క వేరు.

ఈ కాలేజీలో ఒక అమ్మాయి 2005లో పరుగు పందెం గెలిచిందనుకుందాం. ఆమె జెర్సీ మీద ఉండేది నాగపూర్ విశ్వవిద్యాలయం పేరు. పదేళ్ల తర్వాత, 2015లో, ఆమె చెల్లెలు అదే కాలేజీ నుంచి అదే పందెం గెలిస్తే జెర్సీ మీద గోండ్వానా విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. 2011లో చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కాలేజీలను నాగపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి కేంద్రంగా కొత్త విశ్వవిద్యాలయం పెట్టారు. అంటే వరోరా కాలేజీ 47 ఏళ్లు ఒక ఖాతాలో ఉండి, ఆ తర్వాత ఇంకో ఖాతాలోకి మారింది. ఊరు కదల్లేదు, కాలేజీ కదల్లేదు. పరుగెత్తే కాళ్లకు ఈ మార్పు సంగతే తెలియదు.

'ఫలానా విశ్వవిద్యాలయంలో చదివిన ప్రముఖ క్రీడాకారులు, కోచ్‌లు' అనే జాబితా ప్రపంచంలో దాదాపు ప్రతి విశ్వవిద్యాలయానికీ ఉంటుంది. చదివేవాళ్లకు అందులో కనిపించేవి పేర్లు. నాకు మాత్రం ఆ పేర్ల వెనక ఉండిపోయిన అంకెలు తెలుసుకోవాలనిపిస్తుంది. ఆటగాడు ఏ వయసులో ఆ గడప తొక్కాడు, ఏ వయసులో గెలిచాడు, మధ్యలో విశ్వవిద్యాలయం ఇచ్చింది ఏమిటి? ఈ మూడూ అడిగితే జాబితాలో ఎవరి పేరు ఎందుకు ఉందో తేలుతుంది.

నాగపూర్ తెలుగాయన

వరోరాకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్‌లో 1895 అక్టోబర్ 31న ఒక తెలుగు కుటుంబంలో కొట్టారి కనకయ్య నాయుడు పుట్టారు. మనందరికీ తెలిసిన సి.కె. నాయుడు. 1916లో బొంబాయిలో తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. 1926లో అదే బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 153 పరుగులు చేశారు, అందులో సిక్సర్లే 11. భారత జట్టుకు టెస్టు హోదా రావడానికి దారి వేసిన ఇన్నింగ్స్‌గా దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. మొదటి ఇన్నింగ్స్‌లో చేసిన 40 పరుగులే జట్టులో అత్యధికం. ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు.

నాగపూర్ విశ్వవిద్యాలయం ఆయన్ను తనవాడని చెప్పుకోవచ్చా? ఆ విశ్వవిద్యాలయం 1923 ఆగస్టు 4న, 6 కాలేజీలతో 927 మంది విద్యార్థులతో మొదలైంది. అప్పటికి నాయుడి వయసు 27. ఆ ఏడాదే హోల్కర్ మహారాజు పిలుపు మీద ఆయన ఇందోర్ వెళ్లిపోయారు. ఊరికి విశ్వవిద్యాలయం వచ్చిన ఏటనే ఊరి గొప్ప ఆటగాడు ఊరు వదిలాడన్నమాట. ఆయన చదువు నాగపూర్‌లోని హిస్లాప్ మిషన్ బడిలో సాగింది. ఆ మిషన్ వాళ్లదే హిస్లాప్ కాలేజీ. 1883లో పుట్టిన ఆ కాలేజీ మొదట కలకత్తా విశ్వవిద్యాలయం కింద, తర్వాత అలహాబాద్ కింద నడిచి, చివరికి నాగపూర్ కిందకు వచ్చింది. కాలేజీ ఒకటే, పై కప్పులు మూడు.

7 టెస్టులు, 207 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు: ఇదీ ఆయన ఆట మొత్తం. మొదటి టెస్టు నాటికి వయసు 36. అరవై దాటాక కూడా రంజీ ట్రోఫీలో బ్యాటు పట్టారు. ఇప్పుడు మన విశ్వవిద్యాలయ క్రీడల నిబంధనల్లో వయసు 17 నుంచి 25 లోపే ఉండాలి. ఆ చట్రంలో పెట్టి చూస్తే నాయుడి ఆటలో చాలా భాగం దాని అవతలే ఉంది. ఆయన ఇంట్లో విశ్వవిద్యాలయాన్నీ ఆటనూ నిజంగా కలిపింది కూతురు చంద్రా నాయుడు. ఇందోర్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేసి ప్రభుత్వ బాలికల కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన ఆమె, దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చేసిన తొలి మహిళల్లో ఒకరు.

వరోరా కాలేజీకి జరిగింది హైదరాబాద్‌లో అంతకుముందే జరిగింది. నిజాం కాలేజీ 1887లో మొదలైంది. హైదరాబాద్ నడిబొడ్డున, నిజాం పేరుతో ఉన్న ఈ కాలేజీ 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. నాలుగడుగుల దూరంలో 1918 నుంచి ఉస్మానియా నడుస్తున్నా మరో 29 ఏళ్ల పాటు ఈ కాలేజీ పిల్లల పట్టాలు మద్రాసు నుంచే వచ్చాయి. ఆ తర్వాతే ఉస్మానియా గూటికి చేరింది. ఇదే కాలేజీలో బీకాం చదివిన మహమ్మద్ అజారుద్దీన్ 21 ఏళ్ల వయసులో, 1984 డిసెంబర్ 31న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో అడుగుపెట్టి, తొలి మూడు టెస్టుల్లో 110, 105, 122 కొట్టారు. ఆయన పేరు ఉస్మానియా జాబితాలో ఉంటుంది, అందులో తప్పేం లేదు. అదే నలభై ఏళ్లు ముందు పుట్టి ఉంటే మద్రాసు జాబితాలో ఉండేవారు.

నిచ్చెన ఎలా ఉంటుందంటే

కాలేజీ జట్టులో చోటు దొరికాక, ముందు ఇంటర్ కాలేజ్ పోటీలు. అక్కడ సెలక్షన్ అయితే యూనివర్సిటీ జట్టు. విద్యార్థి జీవితంలో అదో పెద్ద పండగ. ట్రాక్‌సూట్ వస్తుంది, రైలు ప్రయాణం వస్తుంది, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ వెంట కొత్త ఊరు చూడటం వస్తుంది. తర్వాత జోన్ పోటీలు. దేశాన్ని తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు జోన్లుగా చేశారు. జోన్‌లో నెగ్గినవాళ్లు అఖిల భారత స్థాయికి వెళ్తారు. ఇదంతా నడిపేది భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా పుట్టి, 1973లో ఇప్పటి పేరు పెట్టుకుంది. మొత్తం మీద క్రీడల్లో మేటి విశ్వవిద్యాలయానికి ఇచ్చే మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ 1956–57లో మొదలైంది. మహారాష్ట్రలో అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయాల మధ్య అశ్వమేధ్ పేరుతో మరో పోటీ ఉంది.

క్రికెట్‌కు రోహింటన్ బారియా ట్రోఫీ 1935–36 నుంచి ఉంది. జోన్ల జట్ల మధ్య జరిగే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు. ఆ విజ్జీ మన విజయనగరం రాజకుటుంబం వాడే, పూసపాటి విజయానంద గజపతి రాజు. 1965 డిసెంబర్‌లో ఆయన కన్నుమూశాక, 1966–67 నుంచి ఈ ట్రోఫీ నడుస్తోంది. జోన్ జట్టుకు ఎక్కిన ప్రతి విశ్వవిద్యాలయ క్రికెటరూ ఒక తెలుగువాడి పేరున్న కప్పు కోసం ఆడతాడని మనలో ఎంతమందికి తెలుసు?

ఈ నిచ్చెన ఒకప్పుడు ఎంత పైకి తీసుకెళ్లేదో చెప్పడానికి రెండు అంకెలు చాలు. విశ్వవిద్యాలయ క్రికెట్‌లో అజిత్ వాడేకర్ కొట్టిన 324 పరుగుల రికార్డును 1970లో సునీల్ గవాస్కర్ 327తో దాటారు. 1971లో వెస్టిండీస్ పర్యటనకు వెళ్లిన భారత జట్టుకు ఆ వాడేకరే కెప్టెన్, ఆ గవాస్కరే కొత్త ఓపెనర్. ఆ సిరీస్‌లో గవాస్కర్ చేసింది 774 పరుగులు, వయసు 21. ఇవాళ క్రికెట్‌లో ఆ మెట్టు దాదాపు ఖాళీ. పదహారేళ్లకే అకాడమీ, పద్దెనిమిదేళ్లకు ఐపీఎల్ వేలం. కాలేజీ ఉత్తి హాజరు పట్టీ అయిపోయింది. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

మన సరిహద్దు దగ్గర ఈ నిచ్చెన ఇంకో వింత చేస్తుంది. గోండ్వానా విశ్వవిద్యాలయం పరిధి వరోరా నుంచి దక్షిణాన గోదావరి దగ్గర ఉన్న సిరోంచ దాకా ఉంది. సిరోంచలో ఇళ్లలో, అంగళ్లలో వినిపించేది తెలుగు. నదికి ఇవతల మన కాళేశ్వరం. అక్కడి కాలేజీ పిల్లలది 1976లో వరంగల్‌లో పెట్టిన కాకతీయ విశ్వవిద్యాలయం. అవతలి ఒడ్డు అబ్బాయి కబడ్డీ ఆడితే పశ్చిమ జోన్, ఇవతలి ఒడ్డు అబ్బాయి ఆడితే దక్షిణ జోన్. కూత పెట్టేది ఇద్దరూ తెలుగులోనే. ఇద్దరూ ఎదురుపడాలంటే జోన్ దాటి అఖిల భారత పోటీకి రావాలి. వరోరాకు మరింత దగ్గరగా ఉన్న రాజురా కూడా ఒకప్పుడు నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లా తాలూకాయే. రాష్ట్రాల పునర్విభజన జరగకపోతే ఆ పిల్లల జెర్సీ మీద ఉస్మానియా అనో కాకతీయ అనో ఉండేది.

చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు అయిదుగురు 2018 మే నెలలో 8,848 మీటర్ల ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి వాళ్లింకా బడి పిల్లలు. నాలుగేళ్ల ముందు, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఆ శిఖరం చేరింది. తెలంగాణ గురుకులాలు వేసిన ఆ బాటలోనే చంద్రపూర్ పిల్లలు నడిచారు. వీళ్లు తర్వాత ఏ కాలేజీలో చేరినా ఆ కాలేజీ 'మా విద్యార్థి' అని రాసుకుంటుంది. ఎవరెస్ట్ మాత్రం బడి ఖాతాలోది.

పదమూడు పాయింట్ సున్నా మూడు

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో, ఆస్పత్రిలో పనిచేసేది. పోర్ట్ హైస్కూల్లో పరుగు మొదలైంది. 2016లో హైదరాబాద్ వచ్చి కోచ్ నాగపురి రమేశ్ దగ్గర చేరింది. ఆ తర్వాత గుంటూరు పక్కన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోని శిక్షణ కేంద్రం, అక్కణ్నుంచి భువనేశ్వర్, జేమ్స్ హిలియర్ శిక్షణ.

ఆమె పరుగు 100 మీటర్ల హర్డిల్స్. 100 మీటర్లలో 10 హర్డిల్స్, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిదానికి 13 మీటర్లు, మధ్యలో ఒక్కోదానికీ 8.5 మీటర్లు, చివర 10.5 మీటర్లు. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య సరిగ్గా మూడు అంగలు. ఒక అంగ తేడా వస్తే లయ పోతుంది, లయ పోతే పందెం పోతుంది.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. జ్యోతి నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున దిగి 13.03 సెకన్లలో పరుగు పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అనూరాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది, అప్పటికి 17 ఏళ్లకు పైగా ఎవరూ కదిలించలేదు. తేడా 0.35 సెకను. ఆ వేగంలో 0.35 సెకను అంటే రెండున్నర మీటర్ల పైమాటే. పాత రికార్డు ఆ రోజు ఆమె పక్కన పరుగెత్తి ఉంటే అంత వెనక ఉండేది.

అయినా ఆ 13.03 రికార్డు కాలేదు. ఆమెకు అక్కడ డోప్ పరీక్ష చేయలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. ఈ రెండూ లేకపోతే రికార్డు చెల్లదు. ఆమె చేయాల్సిందంతా చేసింది, చేయనిది పోటీ పెట్టినవాళ్లు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరుగెత్తింది. ఈసారి వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచింది, పరిమితి 2.0. అదీ చెల్లలేదు. 2022 మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తినప్పుడు గానీ రికార్డు పుస్తకంలో ఆమె పేరు ఎక్కలేదు. పుస్తకానికి ఎక్కిన తొలి రికార్డు, ఎక్కకుండా పోయిన రెండు పరుగుల కన్నా నెమ్మది!

2023 ఆగస్టులో చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. జ్యోతి 12.78తో కాంస్యం గెలిచింది, మళ్లీ జాతీయ రికార్డు. అప్పుడు ఆమెకు 23. ఆ క్రీడల్లో భారత్‌కు 26 పతకాలు వచ్చాయి, అందులో 11 స్వర్ణాలు. అంతకుముందు ఆరు దశాబ్దాల పైచిలుకులో ఈ క్రీడల్లో మనకు వచ్చిన మొత్తం కంటే ఎక్కువ. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందే సమయం 12.77. ఆమె 12.78 దగ్గర ఆగింది, సెకనులో నూరో వంతు. చివరికి ర్యాంకింగ్ ఆధారంగా పారిస్ వెళ్లి, ఒలింపిక్స్‌లో ఈ పరుగు పరుగెత్తిన తొలి భారత మహిళ అయింది.

నాగార్జున విశ్వవిద్యాలయం ఆమెకు ఇచ్చింది మామూలు విషయం కాదు. ట్రాక్ ఇచ్చింది, పోటీ ఇచ్చింది, జెర్సీ ఇచ్చింది. కానీ అప్పటికి ఆమె అత్యుత్తమ పరుగును నమోదు చేసే ఏర్పాటు దేశంలోని విశ్వవిద్యాలయ వ్యవస్థ ఇవ్వలేకపోయింది. 2020లోనే భువనేశ్వర్‌లో తొలి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు 17 క్రీడాంశాలతో మొదలయ్యాయి. మూడబిద్రి పోటీ ముగిసి నెలన్నర కావస్తోందప్పటికి.

ఒక పతకం, రెండు ఖాతాలు

2019 జూలైలో నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో ద్యుతీ చంద్ 100 మీటర్లను 11.32లో గెలిచింది. పతకం భువనేశ్వర్‌లోని కిట్ విశ్వవిద్యాలయం ఖాతాలో. పరుగుకు సాన పెట్టింది హైదరాబాద్‌లో, అదే నాగపురి రమేశ్. 2016లో ద్రోణాచార్య అందుకున్న కోచ్ ఆయన. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 మే నెలలో కోబేలో 400 మీటర్లను 55.07లో పరుగెత్తి తన పారా విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టడం వెనకా ఆయనే ఉన్నారు. ముగ్గురు అమ్మాయిలు, మూడు చిరునామాలు, గురువు ఒక్కరు. ఏ విశ్వవిద్యాలయ జాబితా చూసినా ఈ గీత కనపడదు.

నీరజ్ చోప్రా చండీగఢ్ డీఏవీ కాలేజీలో చదివారు కాబట్టి పంజాబ్ విశ్వవిద్యాలయం ఆయన తనవాడంటుంది. తర్వాత లవ్లీ ప్రొఫెషనల్ విశ్వవిద్యాలయంలో చేరారు కాబట్టి అదీ తనవాడంటుంది. టోక్యోలో 87.58 మీటర్లు వెళ్లిన ఈటె ఒక్కటే. విదేశాల్లోనూ ఇంతే. పారిస్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం లెక్క 39 పతకాలు, మొత్తం భారతదేశం లెక్క 6. విని తల తిరుగుతుంది. కానీ ఆ 39లో ఇప్పుడు చదువుతున్నవాళ్లు, ఎప్పుడో చదివి వెళ్లినవాళ్లు, ఇంకా చేరబోతున్నవాళ్లు అందరూ ఉన్నారు. జట్టు గెలిచిన పతకం అందులో ఎంతమంది ఉంటే అన్నిసార్లు లెక్కకు వచ్చింది. ఈ పద్ధతి తెలిశాక కూడా ఆ విశ్వవిద్యాలయం ఈతకొలనులూ మైదానాలూ చిన్నవైపోవు. సంఖ్య పుట్టిన తీరు తెలుసుకుని మెచ్చుకోవాలి, అంతే.

రహీం సాబ్

ఇప్పుడు కోచ్‌ల సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. విశ్వవిద్యాలయం ఆటకు చేయగల అతి పెద్ద మేలు ఆటగాడిని తయారుచేయడం కాదు, కోచ్‌ను తయారుచేయడం. ఆటగాడి కాలం పదేళ్లు. కోచ్ కాలం ముప్పై ఏళ్లు, అతని చేతి కింద నుంచి వచ్చేవాళ్లు వందల మంది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, విశ్వవిద్యాలయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక ఏం చేశారు? బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. పాఠం చెప్పే అలవాటే ఆయన కోచింగ్‌కు పునాది అయిందని నా నమ్మకం. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

భారత జట్టు బాధ్యత కూడా ఆయనకే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ మీద 1–0, స్వర్ణం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10. చలిలో, చాలామంది వట్టి కాళ్లతో ఆడి చితికిపోయిన మ్యాచ్ అది. ఆ ఓటమి తర్వాత మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4–2 గెలుపు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, ఒలింపిక్ సెమీఫైనల్. చివరికి నాలుగో స్థానం. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకన్నా పైకి నేటికీ వెళ్లలేదు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1–1.

1962 జకార్తా ఆసియా క్రీడలు. రహీంకు అప్పటికే క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2. అదే కొరియాతో సెప్టెంబర్ 4న ఫైనల్. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2–1. ఆసియా స్వర్ణం మళ్లీ మనకు రాలేదు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం పోయారు. వయసు 53.

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది, ఆయన పోయిన 22 ఏళ్లకు. ఆయన మీద సినిమా రావడానికి 61 ఏళ్లు పట్టింది. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత కోచ్‌గా, రిఫరీగా పనిచేశారు. ఉస్మానియా తన మాజీ విద్యార్థుల్లో రహీం పేరు రాసేటప్పుడు 'ఫుట్‌బాల్ కోచ్' అని ఊరుకుంటే చాలదు. ఆయన బడిపంతులు అని కూడా రాయాలి.

ఉస్మానియా ఖాతాలోనే ఇంకో కోచ్ ఉన్నారు. పుల్లెల గోపీచంద్ 1973 నవంబర్ 16న ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి, హైదరాబాద్ ఏవీ కాలేజీలో డిగ్రీ చదివారు. 1990, 1991ల్లో భారత విశ్వవిద్యాలయాల ఉమ్మడి బ్యాడ్మింటన్ జట్టుకు కెప్టెన్. అప్పటికి వయసు 17, 18. ఆల్ ఇంగ్లండ్ టైటిల్ 2001 మార్చిలో, చెన్ హాంగ్ మీద 15–12, 15–6తో, 27 ఏళ్లకు. మధ్యలో పదేళ్లు. విశ్వవిద్యాలయం తొలి మెట్టు మీద చెయ్యి పట్టుకుంది, ఆ తర్వాత నడక అంతా ఎస్.ఎం. ఆరిఫ్ వంటి గురువులు, ఆపరేషన్లు జరిగిన మోకాలు, మొండితనం. 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తలుపులు తెరిచింది. 2012 లండన్‌లో సైనా కాంస్యం, 2016 రియోలో సింధు రజతం ఆ కోర్టుల మీద పుట్టినవే. రియో నాటికి సింధుకు 21, మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీ విద్యార్థిని.

ఏవీ కాలేజీ ఖాతాలో నిఖత్ జరీన్ కూడా ఉంది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో జిట్‌పాంగ్ మీద 5–0తో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆ నిజామాబాద్ అమ్మాయికి 25 ఏళ్ల 11 నెలలు. విశ్వవిద్యాలయ క్రీడల వయోపరిమితి అంచు అది.

ఈ వయసులన్నీ ఒక గీత మీద పెట్టి చూశాను. అజార్ 21, సింధు 21, గవాస్కర్ 21, జ్యోతి 23, నిఖత్ 25, గోపీచంద్ 27, నాయుడు 36, కోచ్‌గా రహీం 53. 17కూ 25కూ మధ్య విశ్వవిద్యాలయం చేతిలో ఉండేవి ఏడెనిమిది సీజన్లు. ఆ సీజన్లలో పతకం రావచ్చు, రాకపోవచ్చు. కాలేజీ గ్రౌండ్ ఎన్ని సాయంత్రాలు తెరిచి ఉంది, పీడీ పోస్టు ఎన్నేళ్లు ఖాళీగా ఉంది, జోన్ పోటీకి వెళ్లే పిల్లకు రైలు టికెట్, తిండి ఖర్చు చేతికి ముందే అందిందా, తిరిగొచ్చాక అందిందా, పోటీలో డోప్ పరీక్ష చేసే మనిషి ఉన్నారా. వరోరా అయినా వరంగల్ అయినా నేను ఏ విశ్వవిద్యాలయాన్నైనా ముందు అడిగే లెక్కలు ఇవే. వరోరా అమ్మాయికి ఇంకో ప్రశ్న కూడా ఉంది. నాగపూర్‌కు నేరుగా రైలు ఉంది, గడ్చిరోలికి బస్సు పట్టుకుని జిల్లా దాటాలి. యూనివర్సిటీ సెలక్షన్ రోజున తెల్లవారుజామున ఆమెను ఎవరు తీసుకెళ్తారు?

జాబితాలు ఎలాగూ రాస్తారు, రాయాలి కూడా. పేరు పక్కన ఏం రాయాలన్నదే నా పట్టుదల. రహీం పక్కన కాచిగూడ బడి ఉండాలి. సి.కె. నాయుడి పక్కన 1923, ఇందోర్ అని ఉండాలి. ద్యుతీ పక్కన హైదరాబాద్, రమేశ్ అని ఉండాలి. జ్యోతి యర్రాజి పేరు పక్కన 12.78 ఎవరైనా రాస్తారు. నేనైతే దాని పైన ఇంకో వరస రాస్తాను: 13.03, మూడబిద్రి, జనవరి 2020.